రేటింగ్ ఫారం పక్కన పెట్టండి, ముందు పని రాయండి

ప్రశ్న: ఏసీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు రిపేరు చేసే చిన్న సర్వీసు సంస్థ నాది. నన్ను మినహాయిస్తే 14 మంది. తొమ్మిది మంది టెక్నీషియన్లు, వాళ్ల మీద ఒక సూపర్‌వైజర్, కాల్స్ తీసుకునేవాళ్లు ఇద్దరు, స్టోర్‌లో ఒకరు, అకౌంట్స్‌లో ఒకరు. పెద్ద కంపెనీలో పనిచేసే స్నేహితుడు పోయినేడాది వాళ్ల అప్రైజల్ ఫారం ఇచ్చాడు. చాలా అంశాలున్నాయి, ఒక్కోదానికీ 1 నుంచి 5 మార్కులు. కూర్చుని అందరికీ నింపాను. దాదాపు అందరికీ 4 వచ్చింది. ఇంక్రిమెంట్ మాత్రం చివరికి నాకు తోచినట్టే వేశాను. మొదటి నుంచీ నాతో ఉన్న సీనియర్ టెక్నీషియన్ అలిగాడు. "నాకూ నాలుగే, నిన్నగాక మొన్న వచ్చినవాడికీ నాలుగే. ఇంక నేనెందుకు కష్టపడాలి?" అన్నాడు. నిజం చెప్పాలంటే రిపీట్ కంప్లైంట్లు అతనికే ఎక్కువ. స్టోర్ చూసేది మా బంధువు. స్పేర్ల లెక్క ఎప్పుడూ తేలదు, ఏమీ అనలేకపోతున్నాను. ఈసారైనా పద్ధతిగా ఒక ప్లాన్ పెట్టుకోవాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏదైనా సాఫ్ట్‌వేర్ కొనాలా?

సమాధానం:

ముందుగా గత మూడు నెలల జాబ్ కార్డులు, అంటే ఏ కాల్‌కు ఎవరు వెళ్లారో, ఏం చేశారో రాసిన కాగితాలు, బయటికి తీయండి. మీ సీనియర్‌కు ఎలాంటి కాల్స్ వెళ్లాయో, కొత్త కుర్రాడికి ఎలాంటివి వెళ్లాయో పక్కపక్కన పెట్టి చూడండి. నా అనుమానం ఏమిటంటే, ఇంకొకరు చేసి కుదరని పనులు, గ్యాస్ ఎక్కడ లీకవుతుందో అంతుచిక్కని పాత యూనిట్లు, కోపంగా ఉన్న కస్టమర్లు, అన్నీ సీనియర్ ఖాతాలోకే వెళ్తుంటాయి. ఫిల్టర్ శుభ్రం చేసి వచ్చే సర్వీసు కాల్స్ కొత్తవాడికి వెళ్తుంటాయి. అలాంటప్పుడు సీనియర్‌కు రిపీట్ కంప్లైంట్లు ఎక్కువ రాకపోతేనే ఆశ్చర్యం. నా అనుమానం తప్పయినా నష్టం లేదు, చూశాక మీకే తెలుస్తుంది. కానీ ఇది చూడకుండా అతని పనితీరు గురించి మీరేమన్నా అతను నమ్మడు. నమ్మకపోవడంలో న్యాయం కూడా ఉంది.

ఈ ఒక్క విషయంలోనే మీ ప్లాన్ మొత్తం ఉంది. మనిషికి మార్కు వేసే ముందు పనిని చూడాలి. ఆ పని ఎలా ఉండాలో ముందుగా చెప్పామా, అది చేయడానికి కావలసినవి ఇచ్చామా, ఒకరికి తేలికవి ఒకరికి కష్టమైనవి పంచామా అని తేల్చుకోవాలి. ఆ తర్వాతే మనిషి దగ్గరికి రావాలి. మీ స్నేహితుడి ఫారం నేరుగా మనిషి దగ్గర మొదలవుతుంది, అందుకే పనికిరాలేదు.

అందరికీ 4 రావడం గురించి మీరు సిగ్గుపడాల్సిందేమీ లేదు. రేపు పొద్దున మళ్లీ అదే మనిషితో కలిసి పనిచేయాలి, ఎదురుగా కూర్చోబెట్టి 2 ఎలా వేస్తాం? శిక్షణ పొందిన మేనేజర్లున్న చోట కూడా ఇదే జరుగుతుంది. 2000లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో వేలమంది మేనేజర్లకు పడిన రేటింగుల్ని పరిశీలించారు. వాటిలో కనిపించిన తేడాల్లో సగానికి పైగా, మార్కులు వేసినవాళ్ల స్వభావం, అలవాట్ల నుంచే వచ్చాయని తేలింది. పని బాగా చేయడం, చేయకపోవడం వల్ల వచ్చిన తేడా అంతకంటే చాలా తక్కువ. అంటే మీరు నింపిన ఫారం మీ టెక్నీషియన్ల గురించి చెప్పినదాని కంటే మీ గురించే ఎక్కువ చెప్పి ఉంటుంది.

అలాంటి పద్ధతులు వాడిన పెద్ద కంపెనీలే కొన్ని వాటిని వదిలించుకున్నాయి. అడోబీ 2012లో ఏడాదికోసారి చేసే అప్రైజల్‌ను ఎత్తేసింది. ఉద్యోగుల్ని ఒకరి పక్కన ఒకరిని పెట్టి వరస కట్టే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లో ఆపేసింది. డెలాయిట్ తన అప్రైజల్ పనికి ఏడాదికి దాదాపు 20 లక్షల గంటలు ఖర్చవుతున్నాయని లెక్క కట్టి, 2015 నాటికి వేరే పద్ధతికి మారింది. జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ అధిపతిగా ఉన్న కాలంలో ప్రతి ఏడాదీ పనితీరులో అట్టడుగు పది శాతం ఉద్యోగుల్ని పంపేయడానికి వేరు చేసేవాళ్లు. దాన్ని అనుకరించాలనుకునే చిన్న యజమానులు ఇప్పటికీ కనిపిస్తారు. తొమ్మిది మంది టెక్నీషియన్లలో పది శాతం అంటే ఒక పూర్తి మనిషి కూడా రాడు!

సరే, మీరేం చేయాలి?

ఒక్కో మనిషికి కాకుండా, ఒక్కో పనికి ఒక కాగితం రాయండి. మీ దగ్గర ఐదు రకాల పనులున్నాయి కాబట్టి ఐదు కాగితాలు. ఒక్కోటి ఒక పేజీ దాటకూడదు. అందులో "బాధ్యతగా ఉండాలి", "కస్టమర్‌తో మర్యాదగా మెలగాలి" లాంటి మాటలు వద్దు. వాటిని చదివి ఎవరూ తమ పని మార్చుకోరు, ఎందుకంటే తాము మర్యాదగానే ఉన్నామని అందరూ అనుకుంటారు. బయటి మనిషి పక్కన నిలబడి చూస్తే "అవును, చేశాడు" లేదా "చేయలేదు" అని చెప్పగలిగేలా ప్రతి వాక్యం ఉండాలి.

మీ టెక్నీషియన్ల కాగితం ఇంచుమించు ఇలా ఉండొచ్చు:

"చెప్పిన టైముకు వెళ్తాను. ఆలస్యమయ్యేలా ఉంటే, ఆ టైము దాటకముందే కస్టమర్‌కు ఫోన్ చేస్తాను. మెయిన్ ఆఫ్ చేయకుండా ఏ యూనిట్ విప్పను, కెపాసిటర్ డిశ్చార్జ్ చేయకుండా (అందులో నిలిచి ఉండే కరెంటు తీసేయకుండా) లోపల చేయి పెట్టను, ఎత్తులో ఉన్న ఔట్‌డోర్ యూనిట్ దగ్గరికి సేఫ్టీ బెల్ట్ లేకుండా ఎక్కను. లీక్ ఎక్కడుందో కనుక్కోకుండా గ్యాస్ నింపి రాను. ఏం చేశానో, ఏ పార్టు మార్చానో జాబ్ కార్డులో ఆ రోజే రాస్తాను. తీసిన పాత పార్టు, వాడని కొత్త పార్టు మర్నాడు స్టోర్‌లో అప్పగిస్తాను. నేను చేసిన యూనిట్ మీద 30 రోజుల్లో అదే కంప్లైంట్ మళ్లీ వస్తే, వెళ్లి చూసి కారణం రాస్తాను."

ఇవి నేను ఊహించి రాసినవి. మీరు యథాతథంగా వాడకండి, ఎందుకంటే మీవాళ్లతో కలిసి రాస్తేనే దీనికి విలువ. సూపర్‌వైజర్‌నీ, ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్లనీ కూర్చోబెట్టి, "బాగా చేసిన జాబ్ అంటే ఏంటి? మీరే చెప్పండి" అని అడగండి. మీరు రాసుకున్నది ముందే చూపించొద్దు. వాళ్ల జాబితాకూ మీ జాబితాకూ తేడా ఎక్కడ వచ్చిందో అక్కడే ఇన్నాళ్లూ గొడవలు పుట్టి ఉంటాయి. మీరు టైము ముఖ్యమనుకుంటారు, వాళ్లు రిపేరు గట్టిగా నిలవడం ముఖ్యమనుకుంటారు. ఇద్దరూ సరైనవాళ్లే, కానీ రెండూ పొసగని రోజు ఏది ముందన్నది ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు ఏం చేయాలో ఇప్పుడు మీరు చెప్పండి.

కాల్స్ తీసుకునేవాళ్ల కాగితం మీద కాస్త ఎక్కువ టైము పెట్టండి. టెక్నీషియన్ సగం పని వాళ్ల దగ్గరే పాడవుతుంది. మోడల్ నంబరు అడగకుండా, "చల్లగా రావట్లేదట" అని మాత్రం రాసి పంపితే అతను సరైన పార్టు లేకుండా వెళ్తాడు, రెండోసారి వెళ్లాల్సి వస్తుంది, ఆ రెండో ట్రిప్పు అతని పేరు మీద పడుతుంది. "ఏసీ ఆన్ అవుతోందా, ఔట్‌డోర్ యూనిట్ తిరుగుతోందా, డిస్‌ప్లే మీద ఏదైనా కోడ్ వస్తోందా" అని ప్రతి కాల్‌లో అడిగి రాయడం వాళ్ల కాగితంలో మొదటి వాక్యం కావాలి. అకౌంట్స్ కాగితం మీకే బాగా తెలుసు, దాన్ని వదిలేస్తున్నాను.

కొలతల విషయంలో జాగ్రత్త. చిన్న సంస్థల్లో ఎక్కువ చెడు జరిగేది ఇక్కడే. లెక్కపెట్టడానికి సులువుగా ఉన్నదాన్ని లెక్కపెట్టేస్తాం. మీ పనిలో అది "రోజుకు ఎన్ని కాల్స్ పూర్తి చేశాడు" అన్న లెక్క. ఆ సంఖ్య మీద డబ్బు పెట్టారనుకోండి, నెల తిరిగేసరికి ఏమవుతుందో చెబుతాను. లీక్ వెతకడానికి రెండు గంటలు పడుతుంది, గ్యాస్ నింపడానికి అంత పట్టదు. కాబట్టి గ్యాస్ నింపి వచ్చేస్తారు. కస్టమర్‌కు ఆ రోజు చల్లగానే ఉంటుంది. వారాల తర్వాత మళ్లీ ఫోన్ వస్తుంది, అది మీ లెక్కలో ఇంకో కొత్త కాల్. సంఖ్యలు పెరుగుతాయి, పేరు పోతుంది. ఒకటి కోరుకుంటూ ఇంకొకదానికి బహుమతి ఇవ్వడం గురించి స్టీవెన్ కెర్ అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ 1975లోనే రాశారు, ఆ వ్యాసాన్ని ఇప్పటికీ పాఠంగా చెబుతారు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు సంగతి 2016లో బయటపడింది. అమ్మకాల టార్గెట్ల ఒత్తిడికి ఉద్యోగులు కస్టమర్లకు తెలియకుండానే వాళ్ల పేర్ల మీద లక్షల ఖాతాలు తెరిచారు. 5 వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. అంతమందీ పుట్టుకతో మోసగాళ్లని ఎవరూ అనుకోరు కదా.

అందుకని ఎప్పుడు సంఖ్య పెట్టినా, దాన్ని పాడు చేసుకోకుండా కాపలా కాసే ఇంకో సంఖ్యను పక్కన పెట్టండి. పూర్తి చేసిన కాల్స్ పక్కన 30 రోజుల్లో తిరిగి వచ్చిన కంప్లైంట్లు. ఆ రెంటినీ కాల్ కష్టాన్ని బట్టి విడగొట్టండి. మామూలు సర్వీసు, రిపేరు, చిక్కు రిపేరు అని మూడు రకాలు చాలు. ఈ ముద్ర కాల్ పంపేటప్పుడే సూపర్‌వైజర్ వేయాలి. పని అయ్యాక వేస్తే ప్రతి కాల్ కూడా చిక్కు రిపేరే అవుతుంది.

ఇంకో మాట. చిన్న సంఖ్యల్ని చూసి పెద్ద తీర్పులు ఇవ్వకండి. ఒక టెక్నీషియన్ నెలకు 60 జాబ్‌లు చేస్తాడనీ, మీ దగ్గర సగటున నూటికి 5 తిరిగి వస్తాయనీ అనుకుందాం. అంటే నెలకు 3 రావాలి. కానీ ఇద్దరి నైపుణ్యం అచ్చంగా ఒకటే అయినా, ఏదో ఒక నెలలో ఒకరికి 1, ఇంకొకరికి 5 రావడం మామూలే. ఎడ్వర్డ్స్ డెమింగ్ అనే నాణ్యతా నిపుణుడు దీన్ని చూపించడానికి ఒక ఆట ఆడించేవారు. తెల్లపూసలు, ఎర్రపూసలు కలిపిన పెట్టెలో ప్రతి ఐదింటికీ ఒకటి ఎర్రది. యాభై గుంటలున్న పలకను అందులో ముంచి, ఒక్క ఎర్రపూస కూడా లేకుండా తీయమని "కార్మికులకు" చెప్పేవారు. తక్కువ వచ్చినవాళ్లను మెచ్చుకునేవారు, ఎక్కువ వచ్చినవాళ్లను మందలించేవారు. మర్నాడు వరస తారుమారయ్యేది. ఆడుతున్నవాళ్లకు నవ్వొచ్చేది గానీ, మన ఆఫీసుల్లో ప్రతి నెలా "బెస్ట్ టెక్నీషియన్" ఫోటో పెట్టేటప్పుడు జరిగేది చాలావరకు ఇదే. కాబట్టి మూడు నెలల లెక్క కలిపి చూడండి. మూడు నెలలు వరసగా ఒకరి సంఖ్య మిగతావాళ్లకు బాగా దూరంగా ఉంటే, అప్పుడు వెళ్లి ఎందుకో అడగండి. అడగండి అంటున్నాను, తేల్చేయండి అనడం లేదు.

అడగడానికి నేను ఒక వరస పాటిస్తాను. ఎలా చేయాలో అతనికి చెప్పామా? చెప్పినా, చేయడం వచ్చా? వచ్చినా, పనిముట్లు, పార్టులు, టైము ఉన్నాయా? అన్నీ ఉన్నా, చేయడానికి ఇష్టపడటం లేదా? మనం సాధారణంగా చివరి ప్రశ్న నుంచి మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. "వాడికి శ్రద్ధ లేదు" అనేస్తే మన బాధ్యత తీరిపోతుంది కాబట్టి. లీక్ డిటెక్టర్ తొమ్మిది మందికీ కలిపి ఒక్కటే ఉంటే, లీక్ వెతకలేదని ఎవరిని అంటాం?

ఇక మాట్లాడటం. ప్లాన్ నిలబడేది దీని మీదే.

ప్రతి ఉద్యోగితో నెలకోసారి, విడిగా, ఇరవై నిమిషాలు. 14 మందికి లెక్క వేస్తే నెలకు ఐదు గంటలు కూడా కాదు. టెక్నీషియన్లతో సూపర్‌వైజర్ మాట్లాడాలి, ఎందుకంటే వాళ్ల పని రోజూ చూసేది ఆయన. మిగతావాళ్లతో, సూపర్‌వైజర్‌తో మీరు. మూడు నెలలకోసారి టెక్నీషియన్ల మాటల్లో మీరూ కూర్చోండి, ఎక్కువగా వినండి. కాగితం ముందు పెట్టుకుని మూడు సంగతులు మాట్లాడితే చాలు: ఈ నెల ఏది బాగా కుదిరింది, ఏది కుదరలేదు, వచ్చే నెలకు ఎవరు ఏం చేస్తారు. "ఎవరు" అన్నప్పుడు మీ పేరు కూడా అందులో రావాలి. రెండో డిటెక్టర్ తెప్పిస్తానని మీరు అంటే, ఫలానా తేదీకి అని రాసి, తెప్పించండి. మీ వంతు మీరు చేయకపోతే వచ్చే నెల ఆ ఇరవై నిమిషాలు ఇద్దరికీ దండగ.

ఎలా అనాలన్నది కూడా ముఖ్యమే. ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా జరిగిన ప్రయోగాల్ని క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు 1996లో ఒక్కచోట చేర్చి లెక్క తీశారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో పని ఇంకా దిగజారింది! చెప్పే మాట పనిని వదిలి మనిషి వైపు తిరిగినకొద్దీ దాని బలం తగ్గుతుందని వాళ్లు వివరించారు. "మీకు ఈమధ్య నిర్లక్ష్యం ఎక్కువైంది" అంటే అతను తనను తాను కాపాడుకోవడంలో పడిపోతాడు, ఇంక లీక్ గురించి ఆలోచించడు. "మంగళవారం చేసిన స్ప్లిట్ ఏసీ పన్నెండు రోజులకే మళ్లీ వచ్చింది. జాబ్ కార్డులో లీక్ టెస్ట్ రాసి లేదు. ఆ రోజు ఏమైంది?" అంటే మాట్లాడుకోవడానికి ఒక విషయం ఉంటుంది. బహుశా ఆ రోజు అతనికి ఏడు కాల్స్ వేశారని అప్పుడు బయటపడుతుంది.

పొగడ్త కూడా అలాగే ఉండాలి. "సూపర్‌గా చేస్తున్నావు" అన్నది ఆ సాయంత్రానికి మరిచిపోతారు. "ఆ కస్టమర్ అరుస్తున్నా, బోర్డు ఎందుకు మార్చాలో పాత బోర్డు చూపించి చెప్పారు చూడండి, అది బాగుంది" అంటే, అలాంటి సందర్భం వచ్చినప్పుడు మళ్లీ అదే చేస్తారు.

ఇలా మాట్లాడాలంటే సంఘటనలు గుర్తుండాలి, మనకేమో చివరి రెండు వారాలే గుర్తుంటాయి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని వారానికోసారి ఒక్కో మనిషి గురించి రెండు లైన్లు రాయమని సూపర్‌వైజర్‌కు చెప్పండి. తేదీ, ఏం జరిగింది, అంతే. అభిప్రాయాలు రాయకూడదు. మంచివీ చెడ్డవీ రెండూ ఉండాలి. ఎవరి పేజీలోనైనా నెలంతా చెడ్డవే ఉంటే, ఆ మనిషి మీద ఆయనకు ఏదో ఉందని అర్థం. ఒక మంచి గుణం చూసి మనిషి మొత్తాన్ని మంచివాడనుకోవడం, ఒక లోపం చూసి అన్నీ లోపాలే అనుకోవడం కొత్త సంగతి కాదు. సైన్యంలో అధికారులు వేసిన మార్కుల్లో థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని 1920లోనే చూపించారు. తేదీలతో రాసుకోవడం దీన్ని పూర్తిగా ఆపదు, కాస్త అదుపులో పెడుతుంది.

ఈ మాటల్లో ఇంక్రిమెంట్ ప్రస్తావన రాకూడదు. ఇది గట్టిగా చెబుతున్నాను. డబ్బు బల్ల మీదికి వచ్చిందంటే మిగతావేవీ చెవికెక్కవు. తన తప్పు తానుగా ఎవరూ చెప్పరు, చెబితే జీతం తగ్గుతుందేమోనని. జనరల్ ఎలక్ట్రిక్‌లోనే చేసిన ఒక అధ్యయనం 1965లో అచ్చయింది. విమర్శ ఎక్కువ విన్నవాళ్ల పని మెరుగుపడకపోగా దెబ్బతిందనీ, జీతం గురించిన మాటనూ పని మెరుగుపరచుకునే మాటనూ వేర్వేరుగా పెట్టుకోవాలనీ ఆ పరిశోధకులు అప్పుడే రాశారు. ఇన్నేళ్లయినా చాలా కంపెనీలు రెంటినీ ఒకే గంటలో కలిపేస్తూనే ఉన్నాయి. మీకు ఆ ఇబ్బంది లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా మీరు విడగొట్టేయొచ్చు.

మరి ఇంక్రిమెంట్ దేని మీద వేయాలి? టెక్నీషియన్లకైతే ఒంటరిగా ఏం చేయగలరన్నది ఆధారం చేసుకోండి. సర్వీసు మాత్రం చేయగలవాళ్లు, మామూలు రిపేర్లు చేయగలవాళ్లు, లీకులు, బోర్డులు, కంప్రెసర్ దాకా ఒంటి చేత్తో తేల్చగలవాళ్లు, ఆ పైన ఇంకొకరికి నేర్పగలవాళ్లు. ఇలా నాలుగు మెట్లు. ప్రతి మెట్టుకూ జీతం ఎంత నుంచి ఎంత వరకో, కింది మెట్టు నుంచి పైకి రావాలంటే ఏం చేసి చూపించాలో రాసి అందరికీ చెప్పండి. ఎవరి జీతం ఎంతో చెప్పనక్కర్లేదు, దేని మీద పెరుగుతుందో చెప్పాలి. ఒకే మెట్టు మీద ఉన్నవాళ్ల మధ్య తేడాకు ఏడాది పొడవునా జరిగిన మాటలు, మూడు నెలల లెక్కలు ఆధారం. సంస్థకు లాభం తక్కువ వచ్చిన ఏడాది ఆ మాట నేరుగా చెప్పేయండి. డబ్బు లేక తక్కువ పెంచి, దానికి కారణంగా వాళ్ల పనిలో తప్పులు వెతకడం చాలా చోట్ల చూస్తాం. అది వాళ్లకు తెలిసిపోతుంది.

మీ సీనియర్ సమస్య సగం ఇక్కడే తీరుతుంది. అతను అడిగింది సంఖ్య గురించి కాదు, తన అనుభవానికి ఈ సంస్థలో ఒక చోటు ఉందా అని. అతన్ని కూర్చోబెట్టి, "పోయినేడాది ఫారం సరిగా లేదు, మీకూ కొత్తవాడికీ ఒకటే మార్కు రావడంలో అర్థం లేదు" అని ఒప్పుకోండి. జాబ్ కార్డుల్లో మీరు చూసింది చూపించండి. కష్టమైన కాల్స్ అతనికే వెళ్తున్నట్టు తేలితే, ఆ మాట మీ నోటితో అతను వినాలి. తర్వాత నాలుగో మెట్టు గురించి చెప్పండి. అయితే నేర్పడం అతని పనిలో భాగమైతే దానికి టైము ఇవ్వాలి. రోజుకు ఏడు కాల్స్ వేసి, పక్కన కుర్రాణ్ని పంపి "నేర్పు" అంటే జరిగేది టూల్‌కిట్ మోయించడమే. ఇంకో సంగతి, అందరు సీనియర్లకూ నేర్పడం ఇష్టం ఉండదు, రాదు కూడా. అతను వద్దంటే బలవంతం చేయకండి, మూడో మెట్టులోనే పై జీతానికి దారి ఉంచండి.

కొత్త కుర్రాడికి మొదటి ఆరు నెలలూ సంఖ్యల టార్గెట్ పెట్టొద్దు. పని వచ్చినవాళ్లకు స్పష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యం పెడితే బాగా చేస్తారని లాక్, లేథమ్ అనే పరిశోధకులు దశాబ్దాల ప్రయోగాలతో చూపించారు. కానీ ఇంకా నేర్చుకుంటున్నవాళ్లకు అదే లక్ష్యం అడ్డొస్తుంది, సంఖ్య అందుకునే కంగారులో నేర్చుకోవడం మానేస్తారు. "ఈ నెలాఖరుకు లీక్ టెస్ట్, వ్యాక్యూమ్ (గ్యాస్ నింపే ముందు పైపుల్లోని గాలి లాగేయడం) ఎవరి సాయం లేకుండా చేసి చూపించాలి" అన్నది వాళ్లకు సరిపోయే లక్ష్యం.

ఇప్పుడు మీ బంధువు. మీరు ఉత్తరం చివర రెండు ముక్కల్లో దాటేశారు గానీ, మీ 13 మందీ ఈ ప్లాన్‌ను నమ్మాలా వద్దా అన్నది ఇక్కడే తేల్చుకుంటారు. స్టోర్ కాగితం అన్నిటికంటే ముందు రాయండి, అన్నిటికంటే ముందు అమలు చేయండి. ఏ పార్టు ఇచ్చినా సంతకం, వారానికోసారి ఏవైనా పది రకాల పార్టులు లెక్కపెట్టి రిజిస్టర్‌తో సరిచూడటం, ఎక్కువగా వాడే కెపాసిటర్లు, బోర్డులు అయిపోకముందే మీకు జాబితా ఇవ్వడం. లెక్కపెట్టేటప్పుడు అకౌంట్స్‌లో ఉన్నవాళ్లు పక్కన ఉండాలి. దీన్ని అనుమానంగా చూడొద్దని అతనితో ముందే చెప్పండి. నిజానికి అనుమానం నుంచి అతన్ని బయటపడేసేది ఇదే. లెక్క తేలకపోవడానికి కారణం అతనే అని నాకైతే నమ్మకం లేదు. పాత పార్టులు తిరిగి అప్పగించే అలవాటు టెక్నీషియన్లకు లేకపోతే ఏ స్టోర్ లెక్కా తేలదు. చూడకుండా మీకూ తెలియదు.

ఎవరైనా సరే, అన్నీ ఇచ్చినా, నెలల తరబడి మాట్లాడినా మెరుగుపడకపోతే అప్పుడు మాత్రం రాతపూర్వకంగా వెళ్లండి. ఏ రెండు మూడు విషయాల్లో మార్పు కావాలి, ఏ తేదీకల్లా, మధ్యలో ఎప్పుడెప్పుడు కలుస్తాం, మనం ఏం సాయం చేస్తాం, మారకపోతే ఏమవుతుంది. సాధారణంగా 30 నుంచి 90 రోజుల గడువు పెడతారు. ఆ మనిషి గట్టెక్కాలని మీరు నిజంగా కోరుకుంటేనే ఇది చేయండి. పంపేయాలని ముందే నిర్ణయించుకుని రెండు నెలలు నాటకం ఆడితే మిగతావాళ్లందరికీ అర్థమవుతుంది, ఆపైన ఈ కాగితాలు చూస్తేనే భయపడతారు. ఉద్యోగం నుంచి తీసేయడానికి ఎక్కడికక్కడ కార్మిక చట్టాలు, నోటీసు గడువులు వేరుగా ఉంటాయి. మీరిచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసింది కూడా లెక్కలోకి వస్తుంది. గడువు పెట్టే ఆ కాగితం ఇచ్చే ముందే తెలిసిన లాయర్‌తోనో, లేబర్ కన్సల్టెంట్‌తోనో ఒక గంట మాట్లాడండి.

మొదలుపెట్టే తీరు గురించి కొంచెం. అందర్నీ ఒకేసారి కూర్చోబెట్టి చెప్పండి, ఒక్కొక్కరికి విడిగా చెబితే పుకార్లు ముందు పరిగెడతాయి. ఆ మీటింగ్‌లో ఆరో కాగితం కూడా చదవండి. అది మీది. జీతం ఏ తేదీకి వేస్తారు, పార్టులు అడిగాక ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు, కాల్స్ పంచే పద్ధతి ఏమిటి, సెలవు అడిగితే ఎన్ని రోజుల్లో జవాబిస్తారు. దాని మీద వాళ్లు మిమ్మల్ని అడగొచ్చని చెప్పండి. మొదటిసారి ఎవరూ అడగరు. మూడు నెలల తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు, ఆ రోజు మీ ముఖం ఎలా మారుతుందో అందరూ చూస్తారు. కాస్త సిద్ధంగా ఉండండి.

మొదటి మూడు నెలలు దేన్నీ డబ్బుతో ముడిపెట్టొద్దు. లెక్కలు సరిగ్గా వస్తున్నాయా, కాగితాల్లో రాసింది జరిగేదేనా అని చూసుకోవడానికే ఆ టైము. కొన్ని వాక్యాలు కొట్టేయాల్సి వస్తుంది, కొట్టేయండి. సూపర్‌వైజర్‌కు మాట్లాడటం అలవాటు లేకపోతే మొదటి రెండు నెలలు పక్కన కూర్చుని సాయం చేయండి. మంచి టెక్నీషియన్ కాబట్టి సూపర్‌వైజర్ అయి ఉంటారు, మాట్లాడటం ఎవరూ నేర్పి ఉండరు. ఆయన కాగితంలో "ఈ నెల ఎంతమందితో మాట్లాడాను, కష్టమైన కాల్స్ ఎవరెవరికి పంచాను" అన్నవి ఉండాలి. ఎవరి లెక్కలూ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, బాగున్నవాళ్లవి కూడా.

సాఫ్ట్‌వేర్ ఇప్పుడు వద్దు. 14 మందికి ఒక ఎక్సెల్ షీటు, రెండు నోట్‌బుక్కులు, బీరువాలో తాళం వేసి ఉంచే ఒక ఫైలు చాలు. ఆ షీటులో నాలుగు కాలమ్‌లు పెట్టండి: కాల్ రకం, ఎవరు వెళ్లారు, ఏ తేదీ, 30 రోజుల్లో మళ్లీ వచ్చిందా. కాల్స్ తీసుకునే ఇద్దరిలో ఒకరికి ఆ పని అప్పగించి, సోమవారం నుంచే నింపించండి.